కెప్టెన్ పక్కన ఖాళీ చోటు

మార్ష్‌బీలో పొద్దుగూకాక పాత సమాధుల తోట పక్కనించి ఎవరూ నడవరు. కుక్కల్ని తిప్పేవాళ్ళు కూడా సముద్రం పోటు ఎక్కే ఉప్పు కయ్య దాకా చుట్టు తిరిగి పోతారు. కుక్కలే అటు రావంట… గొలుసు పట్టి లాగినా రావంట.

కెప్టెన్ ఒబడయా థర్లో అక్కడ తిరుగుతాడని చెప్పుకుంటారు. ఊరు కట్టిన మొదటి మనిషి ఆయన. ఇంగ్లండు నించి ఓడెక్కి అమెరికా వచ్చి, దిగి, ఈ బురదా దోమలూ చూసి, ఇది చాలు ఇక్కడే ఉందామన్నాడంట. పాపం ఆయనకి చూపు తక్కువేమో.

పొగమంచు పట్టిన రాత్రి పొడుగు కోటేసుకుని గోడవారన నిలబడతాడు. ఎవరన్నా అటు పోతుంటే మెల్లిగా అడుగుతాడు…

"ఎవరి తాలూకు నువ్వు?"

చెప్పలేకపోయినోళ్ళు ఆ ఏడు దాటరంట.

మమ్మల్నెప్పుడూ అడగలేదు. మా వాళ్ళు ఈ ఊరొచ్చి నూరేళ్ళు దాటింది. అంటే ఊళ్ళో మేమింకా కొత్తోళ్ళమే. మా నాన్న గుల్లల బుట్ట భుజానేసుకుని చీకట్లో ఆ గోడ పక్కనించే ఇంటికొస్తాడు. ఏం కాలేదు ఇంతవరకూ. "ఆ దెయ్యం థర్లోలతో తప్ప మాట్లాడదురా, మనతో ఏం పని దానికి," అంటాడు.

ఇప్పుడు చెప్పబోయేది మా పెద్దమ్మ చెప్పింది. థర్లోల విందులకి వంట చేసేది ఆవిడే.

థర్లోలంటే ఒకరా ఇద్దరా. అరవై డెబ్బై మంది. వాళ్ళకో సంఘం. కోటుకి పెట్టుకోడానికి ఇత్తడి బిళ్ళ. వాళ్ళింట్లో పిల్లాడు పుడితే బరువెంతని ఎవరూ అడగరు. కెప్టెన్‌కి ఎన్నో తరమని అడుగుతారు. అందరూ కెప్టెన్ కొడుకు జాబెజ్ నించి దిగినవాళ్ళే. జాబెజ్ కాకుండా కెప్టెన్‌కి ఇంకో కొడుకు నిలవలేదంట. కాబట్టి జాబెజ్ లేకపోతే… వీళ్ళెవరూ లేరు. మామూలు మనుషులైపోతారు. మాలాగ.

ఆ సమాధుల తోటలో ఒక్క చోటు మిగిలింది. సరిగ్గా కెప్టెన్ కుడిపక్కన. ఎడంపక్క ఆయన భార్యుంది. కుడిపక్క ఎందుకు వదిలారో ఎవరికీ తెలీదు. బతికున్నంతకాలం చీకటి పడితే అటు తలెత్తి చూడరు గాని, పోయాక మాత్రం అక్కడే పడుకోవాలని థర్లోలందరికీ ఆశ.

చివరికి ఇద్దరు తేలారు.

ఒకడు ఎల్బ్రిడ్జ్ థర్లో. ఇనపసామాన్ల కొట్టుండేది. హైవే మీద పెద్ద షాపు పడ్డాక మూసేశాడు. భార్య చెల్లెలి దగ్గరికని ఫ్లోరిడా వెళ్ళి, ఎండ బాగుందని కార్డు రాసి, ఇక రాలేదు. పిల్లల్లేరు. ఆయనకి మిగిలింది కెప్టెన్ ఒక్కడే. "ఆ చోట్లో నన్ను పెడితే చాలు. బతికినందుకు సరిపోద్ది," అనేవాడు. నవ్వుతా అన్నాడేమో అని చూస్తే నవ్వేవాడు కాదు.

రెండోది విన్నిఫ్రెడ్ పెటింగిల్. ఎల్బ్రిడ్జ్‌కి దూరపు అక్క వరస. సంఘానికి కార్యదర్శి. నోటికి తాళం లేదు.

ఇద్దరూ రోజూ పొద్దున్నే డోనట్ల కొట్లో ఎదురుపడేవాళ్ళు.

"దగ్గుతున్నావు ఎల్బ్రిడ్జూ. తొందరపడకు నాయనా, చోటెవరిదో ఇంకా తేలలేదు."

"నువ్వే ముందు పో విన్నీ, నేనేం అనుకోను. కాకపోతే కొత్త సమాధుల్లో సర్దుకోవాలి."

"కొత్తవాటిలోనా? ఆ బౌలింగు ఆడేవాళ్ళ పక్కనా?"

"వాళ్ళు నిన్ను భరిస్తారో లేదో అడగాలి ముందు."

సంఘమోళ్ళకి విసుగొచ్చింది. బోస్టన్ నించి మిస్ లోథ్రప్ అనే అమ్మాయిని పిలిపించారు. వంశాలు తవ్వడమే ఆ పిల్ల ఉద్యోగం. శరత్కాలం విందు రోజున వస్తుంది, జాబెజ్ సమాధి రాయికి ఫోటో తీస్తుంది, ఎవరి వరస తెగకుండా ఉందో చెబుతుంది. చోటు వాళ్ళది.

జాబెజ్ రాయా… దాని మీద ఏముందో ఊళ్ళో ఎవరూ చదివిన పాపాన పోలేదు. పేరుంది, చాలు అనుకున్నారు.

ఎల్బ్రిడ్జ్‌కి నిద్ర పట్టలేదు. ఆ పిల్ల కన్నా ముందు తను చదవాలనుకున్నాడు.

విందుకి రెండ్రోజుల ముందు. పొగమంచు కయ్య మీంచి లేచి, గోడ దాటి లోపలికొచ్చేసింది. చర్చి దీపం కూడా కనపడట్లేదంట.

చీకట్లో ఎందుకెళ్ళాడంటారేమో. ఈ పాత రాళ్ళు పగలు చదవలేం. నల్ల పలకరాయి… వందల ఏళ్ళ వాన… అక్షరాలన్నీ అరిగిపోయుంటాయి. ఎండలో చూస్తే ఉత్త రాయే. అదే చీకట్లో, టార్చిలైటు రాయికి ఆనించి పక్కనించి వాల్చి పట్టుకుంటే — అరిగిన గీతల్లో నీడ నిలబడుద్ది. అక్షరాలు లేచొస్తాయి. వంశాలు వెతికేవాళ్ళంతా చేసే పనే. సమాధుల్లో దీపాలు తిరుగుతున్నాయని ఊళ్ళో చెప్పుకునే కథల్లో సగం దీపాలు వీళ్ళవే అయ్యుంటాయి.

గేటు కిర్రుమంది. ఎల్బ్రిడ్జ్ ఆగాడు.

ఏం లేదు. కయ్యలో నీళ్ళు పాకే చప్పుడు… అంతే. పోటు వస్తోంది.

కెప్టెన్ రాయి దాటేటప్పుడు తల వంచాడు. అలవాటు.

జాబెజ్ రాయి దూరంగా గోడవారన ఉంది. అక్కడ చిన్నచిన్న రాళ్ళన్నీ బడిపిల్లల్లాగ వరసగా నిలబడుంటాయి. మోకాళ్ళ మీద కూచున్నాడు. మోకాళ్ళు టప్పుమన్నాయి. ఆ చప్పుడికి ఆయనే ఉలిక్కిపడ్డాడంట.

నాచు గోకాడు. లైటు ఆనించాడు. పైన చెక్కిన రెక్కల పుర్రె బొమ్మ లేచింది. దాని కింద… ఒక్కొక్క అక్షరం…

జాబెజ్.

కెప్టెన్ ఒబడయా థర్లో కొడుకు.

ఎల్బ్రిడ్జ్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంకేం కావాలి. లైటు కొంచెం కిందికి జరిపాడు. వయసు… అని ఉంది. వయసు… ఊదాడు. తుడిచాడు.

నాలుగేళ్ళు.

లైటు ఆర్పాడు. మళ్ళీ వేశాడు. ఇటుపక్కనించి వాల్చాడు. అటుపక్కనించి వాల్చాడు.

ఎట్లా చూసినా నాలుగే.

నాలుగేళ్ళకి పోయిన పిల్లాడికి పెళ్ళెక్కడిది? పిల్లలెక్కడ? ఇంతమంది, బిళ్ళలు పెట్టుకుని, ఏడాదికోసారి కూచుని తిని, వీడి మనవలమని… ఎట్లా?

ఎల్లుండి ఆ పిల్ల కెమెరా పట్టుకుని వస్తుంది. వచ్చి, చదివి, అందరి ముందూ చెబుతుంది.

"ఒక్క రాయి," అన్నాడంట పైకే, గొణుగుతా. "లేకపోతే… లేనట్టే."

రెండు చేతులూ వేసి రాయిని ఊపాడు. కదల్లేదు. మళ్ళీ ఊపాడు. చిత్రంగా… వెనకవైపు మట్టి ముందే గుల్లగా ఉంది. ఎవరో తవ్వినట్టు.

రాయి వాలింది. అంచు పట్టి ఎత్తబోయాడు. డెబ్బై దాటిన మనిషి. నడుం పట్టేస్తదనుకున్నాడు.

తేలిగ్గా లేచింది.

తేలిగ్గా లేచింది… ఎందుకంటే అవతలి కొస కూడా లేచింది.

టార్చిలైటు గడ్డిలో పడి దొర్లింది. ఆ వెలుగు మంచులో పాలలాగ పరుచుకుంది. రాయి అవతల, మంచులో… తెల్లగా, గుండ్రంగా, మెరుస్తా… ఏదో ఉంది. దానికి మొహం లేదు.

ఊపిరి మాత్రం తీస్తోంది.

రాయి వదిలేసి పరిగెడదామనుకున్నాడు. చేతులు ఊడి రాలేదంట. ఒక అడుగు వేశాడు. అదీ వేసింది. ఆగాడు. అదీ ఆగింది. ఇక చేసేదేం లేక కయ్య వైపు నడిచాడు. అది వెంట నడిచింది. రెండూ కలిసి… బుద్ధిగా… పెళ్ళిలో పందిరి గుంజ మోసేవాళ్ళలాగ.

గట్టు మీద ఆగాడు.

"ఇక్కడే…" అన్నాడు. గొంతులో గాలి తప్ప మాట లేదు.

అవతలినించి జవాబొచ్చింది. అదీ గాలే.

"సరే… అయ్యగారూ."

ఊపారు. వదిలారు. పలక అంచు కుడిచేతి వేళ్ళు గీసుకుంటా పోయింది. నీళ్ళు దబ్బున నోరు తెరిచి మూసుకున్నాయి.

ఎల్బ్రిడ్జ్ ఇల్లు చేరింది ఎట్లానో ఆయనకే తెలీదు. మెడలో మఫ్లరు పోయింది, ఒక బూటు పోయింది. దెయ్యం తనని అయ్యగారూ అని ఎందుకందో అన్నది మాత్రం తెల్లారేదాకా తేలలేదు.

విందు రోజు చర్చి కింద హాలు కిటకిటలాడింది. బెల్లప్పాకంలో రాత్రంతా ఉడికిన చిక్కుడుగింజలు, రై రొట్టె, గుమ్మడికాయతో చేసిన తీపి 'పై'. గోడ మీద కెప్టెన్ పటం, కింద అందరి బిళ్ళలూ తళతళా.

మిస్ లోథ్రప్ లేచింది. చేతిలో కెమెరా ఉంది గాని మొహం బాగోలేదు.

"జాబెజ్ రాయి దగ్గర్నించే వస్తున్నాను. అక్కడ గొయ్యి తప్ప ఏం లేదు," అంది. "ఎవరు తీశారు?"

అందరూ రొట్టెకి వెన్న రాసుకోడంలో పడ్డారు.

"నేను ఎండాకాలంలో ఒకసారి వచ్చాను. ఆ రాయి చూశాను. నాలుగేళ్ళ పిల్లాడు."

హాల్లో స్పూన్లు ఆగిపోయాయి. ఎల్బ్రిడ్జ్ పళ్ళెంలోకి చూస్తున్నాడు.

"కంగారు పడకండి. ఆ రోజుల్లో ఒక పిల్లాడు పోతే, ఆ తర్వాత పుట్టినవాడికి వాడి పేరే పెట్టేవాళ్ళు. అందరిళ్ళలోనూ అంతే. మీ జాబెజ్ ఈ పిల్లాడి తమ్ముడు. రాయి మీద అడుగున, గడ్డి మాటున, ఇంకో వరసుంది. వేళ్ళతో తడిమి చదివాను. 'వీడి పేరు వీడి తమ్ముడికిచ్చాం' అని. అప్పుడు వాన పడుతోంది, ఫోటో తియ్యలేకపోయాను. ఆ తమ్ముడు జాబెజ్ కెప్టెన్ కొడుకేనని చెప్పేది లోకంలో ఆ ఒక్క వరసే."

"ఇప్పుడది లేకపోతే?" అని ఎవరో అడిగారు.

"లేకపోతే కెప్టెన్ కొడుకు నాలుగేళ్ళకి పోయాడు. మీరంతా ఇంకో జాబెజ్ పిల్లలు. ఆయనెవరో నాకు తెలీదు. పేరు కలిసిన ఏ ఓడ కళాసీనో."

మా పెద్దమ్మ అప్పుడే చిక్కుడుగింజల గిన్నె పట్టుకుని ఆ బల్ల దగ్గరికొచ్చింది. ఆవిడకి మనసులో మాట ఆగదు.

"ఇదేంటి, మీరిద్దరూ ఎడంచేత్తో తింటున్నారు?"

అందరూ చూశారు. ఎల్బ్రిడ్జ్ కుడిచేతి వేళ్ళకి కట్టు. బల్ల అవతల విన్నిఫ్రెడ్ కుడిచేతి వేళ్ళకీ కట్టే.

ఎల్బ్రిడ్జ్ తలెత్తాడు.

"నువ్వా?"

"నువ్వా?" అంది విన్నిఫ్రెడ్.

"నువ్వు… ఆ రాయి వెనక ఏం చేస్తున్నావు విన్నీ?"

"నువ్వు రాకముందే చదివాను. నాలుగేళ్ళని చూసి నాకు మాత్రం కాళ్ళూ చేతులూ ఆడాయా? వెనకనించి తవ్వుతున్నాను. ఇంతలో గేటు చప్పుడైంది. లైటార్పి నక్కి కూచున్నాను."

"తెల్లగా మెరిసింది?"

"వాన టోపీ. ప్లాస్టిక్‌ది. ఆ రోజే జుట్టు సెట్ చేయించుకున్నాను."

"మరి రాయెందుకు మోశావే తల్లీ?"

విన్నిఫ్రెడ్ నీళ్ళు తాగింది. గోడ మీద పటం వైపు గడ్డం ఎత్తి చూపించింది.

"కిందనించి లైటు పడి నీ మొహం ఎట్లా ఉందో తెలుసా? అదే ముక్కు. అవే కనుబొమ్మలు. కెప్టెన్ గారే స్వయంగా వచ్చి కొడుకు రాయి ఎత్తుతుంటే, సంఘం కార్యదర్శిని… చేతులు కట్టుకుని నిలబడమంటావా?"

ముందు నవ్వింది కోడళ్ళూ అల్లుళ్ళూ. వాళ్ళ రక్తంలో కెప్టెన్ లేడు కదా, నవ్వు తొందరగా వస్తుంది. ఆ తర్వాత హాలంతా.

ఎల్బ్రిడ్జ్ నవ్వలేదు. పటం వైపే చూస్తున్నాడు.

"నిజంగానా విన్నీ?" అన్నాడు మెల్లిగా. "నా మొహం… అట్లానే ఉందా?"

విన్నిఫ్రెడ్ ఏదో అనబోయి ఆగింది. ఆవిడ ఆగడం మా పెద్దమ్మ అప్పుడే మొదటిసారి చూసిందంట.

"అట్లానే ఉంది. దెయ్యంలాగ ఉన్నావు," అంది.

తెల్లారి, పాటుకి నీళ్ళు తీసేశాక, థర్లోలందరూ కయ్యలోకి దిగారు. మంచి బట్టల మీద రబ్బరు బూట్లు. ఎవరి తాతల గొప్ప వాళ్ళు చెప్పుకుంటా మోకాటి బురదలో కర్రలతో పొడుస్తా తిరిగారు. ఒకావిడ ఇత్తడి బిళ్ళ బురదలో పడిపోయింది. దానికోసం ఇంకో నలుగురు వంగారు. గట్టు మీద గుల్లలోళ్ళు బుట్టలు దించి కూచుని చూశారు. టికెట్టు పెట్టినా చూసేవాళ్ళే.

"ఇక్కడే పడేశాం," అన్నాడు ఎల్బ్రిడ్జ్.

"ఇక్కడే," అంది విన్నిఫ్రెడ్.

బురద మీద రాయి పడిన పల్లం ఉంది. పలక ఆకారంలో, అచ్చు గుద్దినట్టు.

రాయి లేదు.

"మీరేమన్నా తీశారా?" అని గుల్లలోళ్ళని అడిగారు.

"రాయితో మాకేం పని," అన్నాడు మా నాన్న. "మేం తినేది ఏరుకుంటాం."

అది పెద్ద రాయి. ఇద్దరు మోసింది. పోటుకి కొట్టుకుపోయేది కాదు. పోనీ కూరుకుపోయిందా అంటే, కర్రలు గట్టి నేలకి తగులుతున్నాయి. సూర్యుడు పైకొచ్చేదాకా వెతికారు. ఎల్బ్రిడ్జ్ అందరికన్నా చివర గట్టెక్కాడు. ఎక్కి, బూట్లు కడుక్కోకుండానే సమాధుల తోటలోకి నడిచాడు. ఎందుకంటే… చెప్పలేను. కెప్టెన్‌కి క్షమాపణ చెప్పుకుందామనేమో.

లోపల ఇంకా కొంచెం మంచుంది.

వెనక వస్తున్నవాళ్ళకి ఆయన వీపు కనపడింది. నిలబడిపోయాడు. కదల్లేదు.

"ఏంటి ఎల్బ్రిడ్జూ?" అంది విన్నిఫ్రెడ్.

కెప్టెన్ కుడిపక్కన, ఆ ఖాళీ చోట్లో… రాయి నిలబడుంది.

నిటారుగా. తడిగా. రెక్కల పుర్రె మీద కయ్యలో గడ్డి పోచలు వేలాడుతున్నాయి. అడుగున మన్ను పట్టకుండా, ఆ చివరి వరస కూడా శుభ్రంగా కనపడుతోంది.

చాలాసేపు ఎవరూ దగ్గరికి పోలేదు. మిస్ లోథ్రప్ ఒక్కతే పోయింది. కెమెరా తీసి ఒక ఫోటో తీసింది. ఇంకోటి తీసింది. ఉద్యోగం ఉద్యోగమే.

"రుజువైపోయింది," అంది. "మీ ఇద్దరి వరసలూ తెగలేదు. ఇద్దరూ కెప్టెన్ వారసులే."

"సంతోషం తల్లీ," అంది విన్నిఫ్రెడ్. "చోటేదీ మరి?"

"ఎవరో వేళాకోళం చేశారు. తీసి గోడవారన పెట్టేద్దాం," అన్నాడు వెనకనించి ఒకాయన. అన్నాడే గాని ముందుకి రాలేదు.

మిస్ లోథ్రప్ గోడ వైపు చూసింది, ఆ చిన్నరాళ్ళ వరస వైపు.

"గోడవారన ఆ రాళ్ళ కింద ఎవరూ లేరండీ," అంది. "వెనకటి రోజుల్లో గడ్డి కోసే మిషను కొత్తగా వచ్చినప్పుడు, చిన్న రాళ్ళు అడ్డమొస్తున్నాయని పీకి, అక్కడ వరసగా పాతారు. చాలా ఊళ్ళలో అంతే చేశారు. రాళ్ళనే జరిపారు." కొంచెం ఆగి అంది. "పిల్లల్ని కాదు."

ఎల్బ్రిడ్జ్ టోపీ తీశాడు. ఆ చోటు కోసం అంతగా ఆశపడ్డ మనిషి… రాయి ముందు మెల్లిగా మోకాళ్ళ మీద కూచున్నాడు. అడుగు గట్టిగా ఉందో లేదో చూద్దామని చెయ్యి చాపి… వెనక్కి లాక్కున్నాడు.

రాయి చుట్టూ మట్టి తట్టి ఉంది. పిచ్చుకగూడు కట్టి పిల్లలు తడతారే, అట్లా. చుట్టూరా, ఓపిగ్గా, అరచేతులతో. ఒక్కో అచ్చూ ఎల్బ్రిడ్జ్ అరచేతిలో సగం లేదు.

ఆఖరి అచ్చులోకి నీళ్ళు ఇంకా ఊరుతున్నాయి.